పుట్టింటి పిడికెడు

సముద్రాలు దాటి వెళ్ళి, ఆకలితో ఉన్న ఓ దేశాన్ని కాపాడిన బియ్యపు వీరగాథ చెప్పబోతున్నాను. సర్దుకుని కూర్చోండి. నిజానికి అంతగా సర్దుకోనక్కర్లేదు. నేను సముద్రం చూడలేదు. లారీ వెనకభాగం చూశాను, అదీ కేసముద్రంలో.

ఆ ఏడు వడ్లు బాగా పండి గోదాముల్లో పాత బియ్యం మిగిలిపోయింది. అందులో కొంత, కరువొచ్చిన ఓ ఆఫ్రికా దేశానికి ఉచితంగా పంపుతున్నారు. ఆ బస్తాలు తూచడం నా తాత్కాలిక ఉద్యోగం. బస్తా మీద 'భారత ప్రజల కానుక' అని అచ్చు. ప్రజల్లో నేనూ ఒకణ్ణే కాబట్టి కాస్త గర్వపడ్డాను. నన్నెవరూ అడగలేదనుకోండి.

వరంగల్‌లో నా అద్దె గదిలో నాతో మాట్లాడేది గ్యాస్ బుకింగ్ రికార్డింగ్ గొంతొక్కటే. గోదాములో మాత్రం మధ్యాహ్నం బస్తాలు కుట్టే ఆడవాళ్ళు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా టిఫిన్ డబ్బా చూసి నవ్వి, తలా కొంచెం కూర వేసేవాళ్ళు. బియ్యం అయిపోతే వాళ్ళు తొర్రూరు వైపు పత్తి ఏరడానికి వెళ్ళిపోతారు. ప్రపంచం ఆకలి తీరాలనే నేనూ కోరుకున్నాను. కాకపోతే కొంచెం నెమ్మదిగా.

ఆఖరి లారీ వచ్చింది. చివరి బస్తా మూతి కుట్టబోతూ, వాళ్ళలో పెద్దావిడ చెయ్యి లోపల పెట్టి పిడికెడు బియ్యం తీసి కొంగులో వేసుకుంది.

"పెద్దమ్మా, తూకం అయిపోయింది!"

"అయితేంది? ఒడిబియ్యం పోసుకున్న ఆడిబిడ్డ పోయేటప్పుడు పుట్టింట్ల పిడికెడు ఇడిసిపోదా? మొత్తం పట్కపోతే ఇల్లు ఖాళీ అయితది."

"ఇది ఆడిబిడ్డ కాదు పెద్దమ్మా, బస్తా."

"అత్తగారిల్లు ఎంత దూరమో ఎరుకేనా నీకు? జర సప్పుడు చెయ్యకు."

తూస్తే తక్కువే వచ్చింది. డ్రైవర్ హారన్ మీద హారన్ కొట్టాడు. "అన్నా, అక్కడ ఓడ పోతాంది!"

"ఓడ ఆగుతది, నువ్వు ఆగు తమ్మీ," అంది పెద్దమ్మ.

కాటా చుట్టూ ఒలికిన బియ్యం ఎత్తి పోసి మళ్ళీ తూచాను. తొందరేమీ పడలేదు. ఆమె కూడా దారం సూదిలోకి ఎక్కించడానికి చాలాసేపే తీసుకుంది.

లారీ వెళ్ళాక ఆ పిడికెడు నా చేతిరుమాల్లో మూటకట్టింది. "పుట్టింటోళ్లల్ల నువ్వే మిగిలినవ్ బిడ్డా. ఇవి ఒక్కనివే తినద్దు. నలుగుర్ని పిలిచి వండిపెట్టు."

ఎవర్ని పిలవాలో అడుగుదామనుకునేలోపే అందరూ ఆటో ఎక్కేశారు. నా కళ్ళలో దుమ్ము పడింది. నిజంగానే దుమ్ము, అది గోదాము.

గదికొచ్చి ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాను. కిందినుంచి పైకీ చూశాను. గ్యాస్ వాళ్ళ నంబరు దగ్గర ఆగి, పొయ్యి వెలిగించాను.

అన్నం పలుకుగా ఉండిపోయింది. గోదాములో చాన్నాళ్ళు నిలవున్న బియ్యం. పాత బియ్యానికి నీళ్ళు కొంచెం ఎక్కువ పోయాలి.