నేను నూనె రాసిన గడప

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ ప్రభువు పేరిట వందనాలు. పోయిన వేసవిలో నేను ఇదే చోట నిలబడి దేవుడు నాకు చేసిన మేలు గురించి ఒక సాక్ష్యం చెప్పాను, మీలో చాలామంది చప్పట్లు కొట్టారు, ఆ సాక్ష్యం తప్పు. అబద్ధం చెప్పానని కాదు, నాకు తెలిసింది అంతవరకే, తెలియనిది ఎంత ఉందో దేవుడు తర్వాత చూపించాడు. అందుకే పాస్టరు అయ్యగారిని అడిగి మళ్లీ మైకు తీసుకున్నాను.

కొత్తవాళ్ల కోసం చెప్తున్నాను, నా పేరు సలోమి, ఇక్కడే సూర్యాపేటలో జాకెట్లు కుడతాను, మా ఆయన దేవయ్య నేరేడుచర్ల రూటులో ఆటో నడుపుతాడు. పెళ్లైన దగ్గర నుంచి కిరాయి ఇళ్లలోనే ఉన్నాం. మా ఇంట్లో తాగుడు లేదు, పేకాట లేదు, నాకున్న జబ్బు వేరు, దానికి దవాఖానలో పేరు కూడా ఉండదు. అది ఇళ్లు చూసే జబ్బు. ఎక్కడైనా 'అమ్మబడును' అనే బోర్డు కనిపిస్తే నా కాళ్లు ఆగిపోయేవి, కొనే స్తోమత లేకపోయినా కొనేదానిలాగే లోపలికి వెళ్లి వంటగది ఎటుంది, బీరువా ఎక్కడ పడుతుంది, బాల్కనీలో నిలబడితే ఏం కనిపిస్తుంది అని అన్నీ చూసేదాన్ని, చూసి ఇంటికొచ్చి మా ఆయనకు అన్నం వడ్డిస్తూ ఇది కూడా ఒక ఇల్లేనా అని సణిగేదాన్ని. కోదాడలో చూశాను, మిర్యాలగూడలో చూశాను, పెళ్లికి పోయినా దారిలో ఒక ఇల్లు చూడకుండా రాలేదు. "నువ్వు సుట్టాలను సూడనీకి పోతున్నవో గోడలను సూడనీకి పోతున్నవో నాకు సమజ్ అయితలేదు" అనేవాడు మా ఆయన. చివరికి అనడం కూడా మానేశాడు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రాకుండా ఆటో స్టాండులోనే ఏదో తిని కూర్చునేవాడు. ఆదివారం ఒక్కటి కూడా తప్పని విశ్వాసిని నేను, నా ఇంట్లో మాత్రం శాంతి సమాధానాలు లేవు.

అలాంటి రోజుల్లో కూరగాయల మార్కెట్ రోడ్డులో ఒక అపార్టుమెంటుకు బోర్డు కనిపించింది, 'డూప్లెక్స్ ఫ్లాటు అమ్మబడును' అని. కింద టిఫిన్ సెంటర్, గాజుల కొట్టు, సెల్‌ఫోన్ల షాపు, పొద్దున లేస్తే జనమే జనం. డూప్లెక్స్ అంటే ఏమిటో నాకు తెలియదు. అడిగితే వాచ్‌మన్ చెప్పాడు, నాలుగో అంతస్తు, ఐదో అంతస్తు కలిపి ఒకటే ఇల్లట, మెట్లు ఇంటి లోపలే ఉంటాయట. ఇక నా మనసు ఆగుతుందా? ఇంట్లోనే మెట్లుంటే పైనున్న మనిషిని అన్నానికి ఎట్లా పిలుస్తారు, కేక వేస్తారా, ఫోన్ చేస్తారా? మిషను తొక్కుతున్నా ఇదే ఆలోచన.

ఆగలేక వెళ్లాను. ధాన్యం వ్యాపారం చేసుకునే పాత కుటుంబం వాళ్లది, ఇంటామె వరలక్ష్మమ్మ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. వాళ్లాయన, అందరూ సేటు అంటారు, హాల్లో దివాను మీద కూర్చుని ఉన్నాడు. దివాను ఏ కర్రతో చేసిందో చూశాను గానీ ఆయన లేచి నిలబడలేదేమని చూడలేదు. పైకి వెళ్దామంటే "పైన సదరలేదమ్మా, ఇంకోపారి వచ్చినప్పుడు సూపిస్త" అంది వరలక్ష్మమ్మ. నీళ్లు ఎన్నిసార్లు వస్తాయి, కరెంటు పోతే లిఫ్టు నడుస్తుందా అని అన్నీ అడిగాను. ఎందుకు అమ్ముతున్నారని మాత్రం అడగలేదు.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ ఒక పని చేశాను. నా సంచిలో ఎప్పుడూ ప్రార్థన నూనె సీసా ఉంటుంది, అయ్యగారు ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనె. ఎవరూ చూడకుండా వేలు ముంచి, పసుపు రాసిన ఆ గడప మీద సిలువ గుర్తు పెట్టి, ప్రభువా ఈ ఇల్లు నాకియ్యి అన్నాను. మర్నాటి నుంచి, బైబిల్లో యెరికో కోట గోడల చుట్టూ తిరిగినట్టు ఏడు రోజులు తిరుగుదామనుకున్నాను. నాలుగో అంతస్తులో ఉన్న ఇంటి చుట్టూ ఎవరైనా ఎట్లా తిరుగుతారు? అందుకని మొత్తం అపార్టుమెంటు చుట్టూ తిరిగాను, పెదవులు కదుపుతూ, సంచి పట్టుకుని, ఏడో రోజు ఏడుసార్లు.

ఆ తర్వాత మూడు నెలల్లో ఏం జరిగిందంటే, ఆ ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లందరూ వచ్చినట్టే వెనక్కి పోవడం మొదలుపెట్టారు. దేవుడు నా కోసమే ఆ ఇంటిని ఆపి ఉంచాడని నాకెంత సంతోషమో! ఆ సంతోషంలోనే మీ ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను. చప్పట్లు కొట్టింది దానికే.

ఆ తర్వాతి వారం సుజాత అని ఆ అపార్టుమెంటులో ఉండే అమ్మాయి జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చింది. "అక్కా, నీకెరుకనా, సేటోళ్ల ఇంటికి ఎవరో బాణామతి చేసిన్రట" అంది. చేతబడి అనేసరికి నాకు వినాలని ఆత్రం. ఎట్లా చేశారట అని టేపు పక్కన పెట్టి అడిగాను. "గడప మీద నూనె పోసిన్రట. పసుపు మీద దుమ్ము పట్టి నల్లగ అయ్యింది, ఎంత కడిగినా పోతలేదట." ఇంకా ఏమట అన్నాను. "ఒక ఆడమనిషి ఏడు రోజులు బిల్డింగ్ సుట్టు తిరుక్కుంట మంత్రాలు సదివిందట. వాచ్‌మన్ సూసిండట. చేతిల నీలం సంచి ఉన్నదట."

నీలం సంచి నా మిషను కొక్కేనికి వేలాడుతోంది. సుజాత దాన్ని చూడలేదు. ఆ అమ్మాయి కొలతలు నేను ఏం తీసుకున్నానో నాకే తెలియదు, మళ్లీ పిలిపించుకోవలసి వచ్చింది.

అయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయనది కోదాడ, మెల్లగా మాట్లాడతారు. అంతా విని, "యెరికో చుట్టూ తిరిగితే ఏమైందమ్మా?" అన్నారు. గోడలు కూలినయ్ అయ్యగారూ అన్నాను. "మరి గోడలు కూలిపోతే నువ్వెక్కడ కాపురం ఉంటావు?" అన్నారు. "వాళ్లెందుకు అమ్ముకుంటున్నారో అడిగావా?" అంటే అడగలేదన్నాను. వెళ్లి ఒప్పుకోమన్నారు. మా ఆయన ఆటోలో దింపాడు.

వరలక్ష్మమ్మ తలుపు తీసింది. నిలబడే అంతా చెప్పాను. ఆమె నా సంచిని చూసింది.

"మూడు నెలల సంది ఆ గడప కడిగి కడిగి నా చేతులు పోయినయ్. పంతులును పిలిచి శాంతి చేయిస్తిమి. గిదంత నీ నూనెనా?"

"నాదేనమ్మా."

"మాకు కీడు కావాలని పెట్టినవా?"

"లేదమ్మా, ఇల్లు నాకు కావాలని పెట్టిన."

"అది కీడు కాదా?"

సహోదరులారా, ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఆ ఒక్క మాట నన్ను కోసినట్టు ఏదీ కోయలేదు. పొరుగువాని ఇల్లు ఆశించకూడదని చిన్నప్పుడే కంఠస్థం చేసినదాన్ని, ఆ తప్పునే నూనెతో, ప్రార్థనతో చేశాను. అప్పుడు అడిగాను, ఎందుకు అమ్ముతున్నారమ్మా అని. సేటుకు పక్షవాతం వచ్చి రెండేళ్లయిందట, కర్ర పట్టుకుని పది అడుగులు వేస్తాడు గానీ మెట్టు ఎక్కలేడు, వాళ్ల దేవుడి గదేమో పైన ఉంది. మిర్యాలగూడలో ఆమె తమ్ముడి ఇంటి పక్కన నేల మీదుండే ఇల్లొకటి దొరికింది, ఆ ఇంటాయన నెలాఖరు దాకానే ఆగుతానన్నాడు. ఇది అమ్మితేనే అది కొనేది.

దివాను మీది నుంచి సేటు అడిగాడు, "మీ దేవుడు వింటడా?" వింటడు సేటూ అన్నాను. "అయితే ఈ ఇల్లు జల్ది పోవాలని మొక్కు" అన్నాడు. అక్కడే మోకాళ్లూనాను. ప్రభువా, ఈ ఇల్లు నాకొద్దు, వీళ్లను కిందికి దింపే మనిషికియ్యి అని ప్రార్థించాను. నాకొద్దు అనే మాట అనడానికి ఎంత కష్టమైందో చెప్పలేను, అన్నాక మాత్రం ఏళ్లుగా నెత్తిన మోసిన మూట దిగినట్టయింది.

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా వరలక్ష్మమ్మ ఫోన్ చేసింది. కోదాడ నుంచి టీచర్లు, భార్యాభర్తలు, ఇల్లు చూసి ఇష్టపడ్డారు, ఇంతలో వాచ్‌మన్ బాణామతి సంగతి చెవిన వేశాడు, వెళ్లిపోతున్నారట. సూది గుచ్చిన గుడ్డ గుచ్చినట్టే వదిలేసి పరుగెత్తాను. లిఫ్టు దగ్గర అపార్టుమెంటు వాళ్లందరూ చూస్తుండగా ఆ నూనె పెట్టింది నేనే, తిరిగింది నేనే, అది మంత్రం కాదు నా దురాశ అని చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ టీచరమ్మ నాలాగే అన్నీ అడిగే మనిషి. "ఏం నూనెండీ అది?" అంది. కొబ్బరినూనె అన్నాను. "తలకు రాసుకునేదేనా?" అదేనమ్మా అన్నాను. ఆమె నవ్వింది. మళ్లీ లిఫ్టెక్కి పైకి వెళ్లారు. రెండు రోజుల్లో మాట ఖాయమైంది, దేవునికే మహిమ.

ఆ రోజు వరలక్ష్మమ్మ "ఇప్పుడన్న పైకి పోయి సూడు" అంది. పదిహేడు మెట్లు. పైన ఎండుమిరపకాయల సంచి, ఒక పాత ట్రంకు పెట్టె, దేవుడి గది, అంతే. రెండేళ్లుగా ఆమె రోజూ హారతి పళ్లెం పట్టుకుని ఆ మెట్లన్నీ దిగి వచ్చి ఆయన కళ్లకు చూపించేదట. పైనున్న మనిషిని ఎట్లా పిలుస్తారో కూడా అప్పుడే తెలిసింది. దివాను పక్కన ఒక స్టీలు గ్లాసు, చెంచా ఉన్నాయి. పక్షవాతానికి ఆయన గొంతు సన్నబడింది, కేక వేయలేడు, గ్లాసు మీద చెంచాతో కొడతాడు, ఆమె దిగి వస్తుంది. నేను ఆశపడిన మెట్లు అవి.

మిర్యాలగూడ గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచారు. గేటు దగ్గరే వరలక్ష్మమ్మ, "సంచిల నూనె సీసా ఉన్నదా? ఉంటే ఆటోల పెట్టి రా" అంది. మా ఆయన అంతలా నవ్వడం నేను చూసి ఎన్నేళ్లైందో. లోపల సేటు కర్ర పట్టుకుని లేచి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ తన దేవుడి గదిలోకి తానే నడిచి వెళ్లాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

మేమింకా కిరాయి ఇంట్లోనే ఉన్నాం. మా ఆయన మధ్యాహ్నం అన్నానికి ఇంటికే వస్తున్నాడు. బోర్డు కనిపిస్తే నా కాళ్లు ఇప్పటికీ ఆగుతాయి, ఏం దాచను, కానీ ఇప్పుడు ఆ ఇల్లు ఎట్లా ఉందో కాదు, లోపలివాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారో అని ఆలోచిస్తాను, వాళ్ల కోసం రెండు మాటలు ప్రార్థించి నడుస్తాను. మీలో ఎవరైనా ఇంకొకరిదాని చుట్టూ మనసులో తిరుగుతుంటే, ఆగి ఆ తలుపు కొట్టండి, వాళ్ల కష్టమేమిటో అడగండి, మిగిలింది ప్రభువుకు వదలండి, ఆయన నమ్మదగినవాడు. పోయినసారి మీరు కొట్టిన చప్పట్లు నావి కావు. ఈ రోజు ఎవరూ కొట్టకండి, ఇంటికి వెళ్లేదారిలో సేటు కాళ్ల కోసం ప్రార్థించండి.