భూటాన్‌కి పార్శిళ్ళు

మా ఆయనకు కాదనడం చేతకాదు. ఇది తిట్టు కాదు, రోగనిర్ధారణ. నేను షార్జాలో ఒక క్లినిక్‌లో నర్సుని కాబట్టి చాలా జబ్బులు చూశాను. దీనికి మాత్రం మందు దొరకలేదు. ఊరి శివార్లలోని సజ్జాలో ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో ఆయన స్టోరు చూస్తారు. అక్కడ ఎవరేం అడిగినా నవ్వుతూ తల ఊపేస్తారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ నా మీద గొణుగుతారు.

మేముండేది అల్ నహ్దాలో, పద్నాలుగు అంతస్తుల బిల్డింగులో, పదకొండో అంతస్తున. షార్జా వచ్చిన పద్దెనిమిదేళ్ళలో మాకు సెలవంటే ఊరు, ఊరంటే సెలవు. విమానం దిగినప్పట్నుంచి మళ్ళీ ఎక్కేదాకా నేను ఒకరికి కోడల్ని, ఇంకొకరికి వదినని, వీధి మొత్తానికి ఊరికే బీపీ చూసిపెట్టే మనిషిని. పోయినసారి నెల సెలవులో రెండు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశం, మా ఆడపడుచు మోకాలి ఆపరేషను అయ్యాయి. తిరిగొచ్చి డ్యూటీలో చేరాక గాని నా ఒళ్ళు విశ్రాంతి ఎరగదు. సెలవు అలసట తీర్చుకోవడానికి ఉద్యోగానికి వెళ్ళే మనుషులం మేం.

కరోనా గొడవ పూర్తిగా సద్దుమణిగాక ఒకరోజు క్లినిక్‌కి ఒక పెద్దమనిషి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వచ్చాడు. భూటాన్‌లో కొండలెక్కడానికి వెళ్తున్నాడట. ఆయనకి ఈసీజీ తీస్తూ, బల్ల మీద పెట్టిన టూరు కాగితం చదివాను. మొదట రెండు రోజులు కోటలు, మఠాలు, ఒక రైతు ఇంట్లో భోజనం. తర్వాత మూడు రోజులు కొండదారిలో నడక, గుడారాల్లో బస. వెంట గైడ్ ఉంటాడు. వంటవాళ్ళుంటారు. సామాను గుర్రాలు మోస్తాయి. ఆ గుర్రాల దగ్గరికొచ్చేసరికి నేను ఆగిపోయాను. ఆయన గుండె నిక్షేపంగానే ఉంది, నాదే గంతులేసింది.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, "మన లీవులోనా?" అన్నారు, నేనేదో అనకూడని మాట అన్నట్టు.

"మన లీవులోనే. ఈ ఒక్కసారి ఎవరింటికీ వెళ్ళొద్దు. నేను ఎవరికీ ఏమీ కాని చోట వారం రోజులు ఉండాలి."

మూడు రోజులపాటు పప్పుచారు తప్ప ఇంకేమీ వండలేదు. నాలుగో రోజు ఒప్పుకున్నారు. కాకపోతే ఒక షరతు పెట్టారు. ఈ సంగతి మూడో మనిషికి తెలియకూడదు. తెలిస్తే మా ఆడపడుచు చెవిన పడుతుంది. పడితే, "ఊరు చేదైపోయి కొండలు తియ్యనైపోయాయా" అని ఏడాది పొడుగునా దెప్పుతుంది. నేను సరేనన్నాను. నా జీవితంలో నేను ఆలోచించకుండా సరేనన్నది రెండుసార్లే. ఒకటి పెళ్ళికి, రెండోది దీనికి.

ఇక్కడ ఒక ఆచారం ఉంది. లీవు మీద వెళ్ళేవాడి సూట్‌కేసు వాడిది కాదు, అందరిదీ. ఫ్యాక్టరీలో ముదీర్, అంటే మేనేజరు, లీవు కాగితం మీద సంతకం పెట్టిన సాయంత్రానికల్లా మా తలుపు తట్టడం మొదలైంది.

ముందు వచ్చింది నాలుగో అంతస్తు అక్క. అమలాపురం దగ్గరి మనిషి. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ అరబ్బుల ఇళ్ళలో వంట చేస్తోంది. మరో ముగ్గురు ఆడవాళ్ళతో గది పంచుకుని ఉంటుంది. బిల్డింగులో తెలుగువాళ్ళందరికీ ఆవిడ మాటంటే హడలు.

"ఏవమ్మాయ్, ఊరెల్తన్నారంట గదా! నాతో ఒక్క ముక్క సెప్పలేదేంటి? మా కోడలికి నెల్లు నిండాయి. ఈ పాలడబ్బాలు, ఈ దుప్పటి దానికి అందించెయ్యండి. బరువేం ఉండదు."

నేను నోరు తెరిచేలోగా మా ఆయన సంచీ అందుకుని, "దానికేముందక్కా" అన్నారు. తూచి చూస్తే ఎనిమిది కిలోలుంది.

తర్వాత కింద కుట్టుషాపు నడిపే నెల్లూరు భాయ్ ఒక కార్టన్ మోసుకొచ్చాడు. "సాబ్, ఊరికి పోతుండారంట గదా. మా అక్కోళ్ళ ఇల్లు మీ దారిలోనే. ఆడ దింపేస్తే చాలు, ఖలాస్."

హైదరాబాదులో దిగి రాజమండ్రి వెళ్ళేవాళ్ళకి నెల్లూరు ఏ దారిలో తగులుతుందో మా ఆయన అడగలేదు. "దానికేముంది భాయ్" అన్నారు.

వారం తిరిగేసరికి మంచం కింద చోటు చాలక సామాను మంచం మీదికెక్కింది. ఖర్జూరాలు, సెంటు సీసాలు, తలనొప్పి నూనెలు, టార్చిలైట్లు, ఎవరిదో మిక్సీ. మేం గోడకంటుకుని ఒక పక్కకి తిరిగి పడుకోవాల్సి వచ్చింది.

"ఇవన్నీ ఎక్కడికి మోసుకెళ్తారు? భూటాన్ రాజుగారికి సారె పెడతారా?" అని అరిచాను.

"గట్టిగా అరవకే. కొరియర్లో పంపించేద్దాం."

రెండు రోజులయ్యాక ఆ మాట మారింది. అన్నం కలుపుకుంటూ, నా మొహం చూడకుండా, "పోనీ ఈసారికి ఊరే వెళ్ళొద్దామా? ఇంతమంది ఇచ్చారు కదా. కొండలెక్కడికి పోతాయి, వచ్చే ఏడు వెళ్దాం" అన్నారు. నాకు అన్నం సయించలేదు. బాత్రూములోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. మిక్సీకి, టార్చిలైట్లకి ఉన్న విలువ నా కోరికకి లేదా అని ఏడ్చాను. బయటికొచ్చి, "మీరు ఊరెళ్ళండి, నేను భూటాన్ వెళ్తాను" అన్నాను. ఆయన భయపడి, రేపట్నుంచి మెట్లెక్కడం మొదలుపెడదామన్నారు.

మెట్ల సంగతి మేం డబ్బు కట్టిన టూరు గైడ్ చెప్పాడు. భూటాన్ నుంచి వీడియో కాల్‌లో హిందీలో మాట్లాడేవాడు. బుగ్గలు ఎర్రగా ఉండే నెమ్మదస్థుడు. మీ ఊళ్ళో కొండల్లేకపోతే మెట్లెక్కండి మేడమ్ జీ, వీపున కొంచెం బరువు పెట్టుకుని ఎక్కండి అన్నాడు. బరువుకి మా ఇంట్లో కొదవా? ఆయన వీపున నెల్లూరు ఖర్జూరాలు, నా వీపున అక్క ఇచ్చిన పాలడబ్బాలు. డ్యూటీ నుంచి రాగానే కింద నుంచి పద్నాలుగో అంతస్తు దాకా ఎక్కడం, దిగడం. మొదటి రోజు ఆరో అంతస్తులోనే మా ఆయన మెట్టు మీద కూలబడి, భూటాన్‌లో లిఫ్టులుంటాయేమో కనుక్కోమన్నారు.

నాలుగో రోజు అక్క మమ్మల్ని పట్టుకుంది. చెత్తసంచీ పారేద్దామని బయటికొచ్చి, చెమటలు కక్కుతూ సంచులతో పైకొస్తున్న మమ్మల్ని చూసి నిలబడిపోయింది.

"లిఫ్టు పనిచేత్తంది గదా! ఇదేం కర్మ మీకు?"

నేను ఊపిరి అందక ఆగాను. మా ఆయనకి ఊపిరి లేకపోయినా అబద్ధం అందింది. "మొక్కక్కా. తిరుమల కాలినడకన ఎక్కుతామని మొక్కుకున్నాం. అలవాటు చేసుకుంటున్నాం" అన్నారు.

అక్క చెత్తసంచీ కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. అది చూడగానే నాకు తెలిసిపోయింది, కొంప మునిగిందని.

మర్నాటి నుంచి పార్శిళ్ళు పోయి మొక్కులు మొదలయ్యాయి. ఒకావిడ తన పేరున కొబ్బరికాయ కొట్టమంది. ఒకాయన తన గోత్రం కాగితం మీద రాసిచ్చాడు. శుక్రవారం మధ్యాహ్నం అక్క తలస్నానం చేసి, పసుపు గుడ్డలో కట్టిన ముడుపు పట్టుకుని వచ్చింది. మూడేళ్ళుగా దేవుడి పటం దగ్గర పెట్టుకుందట. మోకాళ్ళ నొప్పులు తగ్గాలని. "నేనెక్కలేను గదా అమ్మా. నా బదులు నువ్వు ఎక్కి ఇచ్చెయ్యి" అని నా చేతిలో పెట్టబోయింది.

మా ఆయన అలవాటుగా చెయ్యి చాపారు. నేను ఆ చేతిని పట్టుకుని కిందికి లాగాను. పాలడబ్బాల విషయంలో మనుషులకి అబద్ధం చెప్పొచ్చు. వెంకటేశ్వరస్వామి ముడుపు తీసుకుని బౌద్ధమఠాలు తిరిగే ధైర్యం నాకు లేదు.

"కూర్చో అక్కా" అన్నాను. "మేం తిరుమల వెళ్ళట్లేదు. ఊరికీ వెళ్ళట్లేదు. భూటాన్ వెళ్తున్నాం."

మా ఆయన వంటింట్లోకి మాయమయ్యారు.

అక్కకి అర్థం కాలేదు. "అదెక్కడ? అక్కడ పనేవైనా దొరికిందా?"

"పని కాదక్కా. కొండలెక్కడానికి."

"అక్కడ మీ వాళ్ళెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరెందుకెల్తన్నారే?"

"ఎవరూ లేరనే వెళ్తున్నానక్కా."

చెప్పేశాక నాకు కోపం, సిగ్గు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాను. తిడితే తిరిగి తిట్టడానికి కూడా సిద్ధపడ్డాను. ఆవిడ ముడుపుని ఒళ్ళో పెట్టుకుని, అక్కడ ఏం చేస్తారో చెప్పమంది. చెప్పాను. గైడ్ దారి చూపిస్తాడు. వంట వాళ్ళే చేస్తారు. పొద్దున్నే గుడారం దగ్గరికే టీ తెచ్చిస్తారు.

"టీ తెచ్చిత్తారా? నీకా?"

"అవునక్కా."

"నువ్వు లేవక ముందే?"

"అవునట."

ఇరవై ఏళ్ళుగా తెల్లారకముందే లేచి పరాయి ఇళ్ళలో టీ కాస్తున్న మనిషి ఆవిడ. ముడుపుని కళ్ళకద్దుకుంది. తర్వాత లేచి, చీర కొంగు బిగించి, "పార్శిళ్ళెక్కడున్నాయి? బయటికి తియ్యి" అంది. ఆ మధ్యాహ్నం అంతస్తు అంతస్తుకీ తిరిగి ఎవరివి వాళ్ళకి అప్పగించేసింది. మిక్సీ ఇచ్చినాయన ఏదో నసిగితే, "ఆళ్ళేమన్నా గాడిదలా నీ సామాను మొయ్యడానికి?" అందని తర్వాత విన్నాను. మా ఆయన వెనకాలే కార్టన్లు మోసుకుంటూ, ప్రతి గుమ్మం దగ్గరా క్షమాపణలు చెప్పుకుంటూ తిరిగారు. ఆడపడుచుకి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను.

వెళ్ళాం. ఎక్కాం. మా ఆయన పొద్దున గుర్రాలకి కూడా నమస్కారం పెట్టి, మా సామాను ఎక్కువైందేమో అని వాటి యజమానిని మూడుసార్లు అడిగారు. అక్కడి పచ్చిమిరపకాయల కూర తిని, గోదావరివాళ్ళకి ఇదొక లెక్కా అని ఇంకోసారి వడ్డించుకుని, సగం రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

తిరిగొచ్చిన సాయంత్రమే అక్క పైకి వచ్చింది. కొండలెంతెంత ఎత్తున్నాయి, మఠాలెలా ఉన్నాయి, ఇవేవీ అడగలేదు. తలుపు వేయకుండానే, "టీ తెచ్చిచ్చారా?" అంది.

"తెచ్చారక్కా. మొదటి రోజు నాకు సిగ్గేసి, నేనే లేచి వంట గుడారంలోకెళ్ళి అందరికీ పోసిచ్చాను."

అక్క నెత్తి కొట్టుకుంది. "పాడుసేశావు గదే! రెండో రోజో?"

"రెండో రోజు కూడా లేచాను. గైడ్ నా చేతిలోంచి గ్లాసులు లాక్కుని, సెలవులో ఉన్నారు మేడమ్ జీ, వెళ్ళి కూర్చోండి అన్నాడు. మూడో రోజు కూర్చున్నాను."

"లేవకుండా?"

"లేవకుండా. దుప్పటి కప్పుకుని, మొత్తం తాగాను. చివర్లో ఏడుపొచ్చింది."

అక్క నా పక్కన కూర్చుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని తుడుచుకోలేదు. మోకాళ్ళు రాసుకుంది.

"గుర్రాలు మనుషుల్ని కూడా మోత్తాయా?" అని అడిగింది.

"అడిగితే మోస్తాయేమో అక్కా."

"అయితే అడిగి సెప్పు. వచ్చే ఏడు నాకు లీవు పడుద్ది" అంది.