మామ అంగడిలో ఇరవై నిమిషాలు

ఇవాళ పదకొండు గంటలకు ఫోన్‌లో గంట మోగింది. ధ్యానం గంట. మామ పోయి ఆరు నెలలైనా దాన్ని తీసేయాలని నాకు తోచలేదు. తోచనివి ఈమధ్య చాలానే ఉన్నాయి.

మామ అంటే మా ఆయన నాన్న, బెంగళూరు చిక్కపేటలో నలభై ఏళ్లు చీరల అంగడి నడిపిన మనిషి. చివరి మూడేళ్లు మతిమరుపు జబ్బుతో అన్నీ మరిచారు, నేను కోడలినన్నదీ మరిచారు, అంగడిని మాత్రం మరవలేదు. రోజంతా చూసుకునేది నేనే. కోపమూ జాలీ రెండూ అరిగిపోయి, ఆయనకు స్నానం చేయిస్తుంటే గోడ కడుగుతున్నట్టే ఉండేది. ఒకసారి డాక్టరమ్మ ఆయన్ను వదిలేసి నన్ను పరీక్షగా చూసి, రోజూ ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోమంది, లేకపోతే ముందు నేనే మంచాన పడతానంది. చెప్పడం సులువే. మొదటి రోజు దేవుడి గదిలో కూర్చుని కళ్లు తెరిచేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. మామ మెట్రో స్టేషన్ మెట్ల మీద దొరికారు, అంగడి తెరవాలని బయలుదేరారట. నాకు భయం కూడా వేయలేదు. ఇంటికి తెచ్చి అన్నం పెట్టాను, అంతే.

మర్నాడు హాల్లో చాప పరిచి, నా పాత చీరలు ఆయన ముందు పెట్టి, ఎదురుగానే కూర్చున్నాను. ఆయన ఒక్కొక్కటే విప్పి, అంచు నావైపు తిప్పి పరిచారు. నేను కళ్లు మూసుకున్నాను. మామ అంగడిలో ఒక పద్ధతి ఉండేది. చీర ముందు ఆలోచనలో పడిన ఆడమనిషిని పలకరించకూడదు, పలకరిస్తే లేచిపోతుంది. ఆ రోజు ఆఫీసు లేక ఇంట్లో ఉన్న మా ఆయన నన్నేదో అడగబోతే, మామ గొంతు తగ్గించి ఆపడం వినిపించింది.

"గలాటా చేయొద్దప్పా. ఆయమ్మ ఎంచుకుంటా ఉండాది."

నేను కాపలా కాయవలసిన మనిషి నాకు కాపలా కూర్చున్నారు. శ్వాసను గమనించమని ఫోన్‌లో చెప్పే గొంతును మాత్రం పక్క అంగడివాడనుకుని విసుక్కునేవారు. రెండేళ్లు అట్లాగే గడిచింది. నేను ఒక్క చీరా కొనలేదు. ఒకరోజు కళ్లు తెరిస్తే నీళ్లు కారుతున్నాయి, ఎందుకో తెలియదు. మామ ముందుకు వంగి చూశారు.

"నిదానంగా చూడమ్మా. అంగడి యాడికీ పోదు."

ఇవాళ కూడా చాప పరుచుకున్నాను. చీరలు బీరువాలోనే ఉన్నాయి. ఆ ఇరవై నిమిషాల కోసం రోజంతా కాచుకునేదాన్ని. ఇప్పుడు రోజంతా నాదే, ఆ ఇరవై నిమిషాలే గడవడం లేదు.