నేను ఎదురు వచ్చిన పొద్దు

యాభై ఏళ్ళు దాటాయి. ఒక మనిషి చెయ్యి విరిగిన పాపం ఇంకా నా నెత్తి మీదే ఉంది. రోజూ మోశానని గొప్పలు చెప్పను. చాలాకాలం మరిచిపోయి కూడా బతికాను. పిల్లల్ని కన్నాను, పండగలు చేశాను, సినిమాలకు పోయాను. ఏ పనీ లేని మధ్యాహ్నం ఉన్నట్టుండి గుర్తొచ్చేది. అప్పుడు మాత్రం ఎవరైనా పలకరిస్తే కొట్టాలన్నంత కోపం వచ్చేది నాకు.

నువ్వెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెబితే ఊరుకోబెడతారు, చిన్నతనంలే అంటారు. అట్లా అనకు. జాలి వద్దు. క్షమించే పని అసలే పెట్టుకోకు, అది నీ చేతిలోది కాదు. ఊరికే విను.

అరవై తొమ్మిది. తెలంగాణ కోసం పిల్లలు రోడ్ల మీదికి వచ్చిన ఏడు. దిల్‌సుఖ్‌నగర్ అప్పటికి ఊరూ కాదు, పట్నమూ కాదు. బెజవాడ రోడ్డు పక్కన కొన్ని పెంకుటిళ్ళు, వెనక ద్రాక్షతోటలు, మూల మీద ఒక చాయ్ హోటల్. ఆ రోడ్డు వెంట ఇంకా ముందుకు, ఇవాళ ఎల్.బి.నగర్ అంటున్న చోటికి పోతే చేలు, రాళ్ళే. కాలేజీలు మూసేశారు. పొద్దున లేస్తే ఎక్కడో బస్సు తగలబడిందని, ఎక్కడో తూటా పేలిందని కబురు. నేను డిగ్రీ రెండో ఏడు. పరీక్షలు రాస్తే తెలంగాణకు ద్రోహమని మా బావ చెప్పాడు. బావ అంటే మా మేనత్త కొడుకు, మా వీధి పిల్లలకు లీడరు. నేను రాయలేదు. ఏడాది పోయినట్టే పోయింది, ఇంక చదివింది చాలు, సంబంధాలు చూస్తానన్నాడు బాపు. నాతో పాటు మానేసిన మగపిల్లలకు ఏడాదే పోయింది. నాకు చదువే పోయింది.

మా ముందుగదిలో కిరాయికి సింహాచలం ఉండేవాడు. మలయా నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాడు. వాళ్ళ తాత ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రబ్బరు తోటల్లో కూలికి పోయాడట. వీడు ఆ తోటలోనే పుట్టి, అక్కడి తెలుగుబడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. డిగ్రీతో తిరిగిపోతే ఆ బళ్ళో పంతులు. డిగ్రీ లేకపోతే వాళ్ళ నాయన లాగే రబ్బరు చెట్లు గీయడం. గీయడానికి బలం కాదు, మణికట్టు కావాలని చెప్పి చెయ్యి తిప్పి చూపించేవాడు. అమ్మ నోరు తెరుచుకుని వినేది.

నాకు మాత్రం వాడి పొడ గిట్టేది కాదు. మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒక దేవుడిలాంటి మనిషికి అన్యాయం చేశానని చెబుతున్నానని అనుకోకు. వాడు అంత మంచివాడేం కాదు. మేం గిట్ల, గట్ల అంటే పడీపడీ నవ్వేవాడు. అమ్మ పెట్టిన మామిడి తొక్కు మూడుసార్లు వేయించుకుని, మా బామ్మ చేతి ఆవకాయ ముందు ఇదెంత అనేవాడు. మా పిల్లలు రోడ్ల మీద చస్తుంటే, మీ గొడవ మీది, నా చదువు నాది అనేవాడు. అది నిజమే. నిజమైతే మాత్రం మండదా?

ఒకనాడు అన్నాల దగ్గర అమ్మ నా చదువు సంగతి ఎత్తి కళ్ళు తుడుచుకుంది. సింహాచలం అన్నం కలుపుకుంటూ, ఆడపిల్లకు డిగ్రీ ఎందుకు, పెళ్ళయితే ఆ బాధ అదే పోతుందని తేలిగ్గా అనేశాడు. అమ్మ కూడా తలూపింది. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. వాడు గమనించను కూడా లేదు.

వాడికి ఒక్క పేపరు మిగిలి ఉంది. గొడవలకు భయపడి అది ఎప్పుడో, ఎక్కడో యూనివర్సిటీ వాళ్ళు బయటపెట్టలేదు, రాసేవాళ్ళకే కబురు చేశారు. వాడు మా ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. బయట మాత్రం పరీక్ష లేదు, గిరీక్ష లేదు, మద్రాసులో ఓడెక్కి ఇంటికి పోతున్నానని చాటేవాడు. జనం నమ్మాలని ట్రంకుపెట్టె అరుగు మీదే పెట్టి సర్దేవాడు. చెల్లెళ్ళకు చార్మినార్ గాజులు, తండ్రికి కంబళి, తల్లి అడిగిందని ఒక చిన్న రోలు. ఎట్లా సర్దినా ఆ రోలు గాజుల మీదికి దొర్లేది. మళ్ళీ అన్నీ తీసి మళ్ళీ సర్దేవాడు. హోటల్లో కూర్చున్న బావ వాళ్ళు చూసి నవ్వుకునేవారు. రోజూ సంచీ పట్టుకుని సామాన్లు కొనడానికి పట్నం పోయేవాడు. ఆ పోయే రోజుల్లో పరీక్ష రోజు ఏదో చూసేవాళ్ళకు తెలిసే దారి లేదు.

ఎదురు సంగతి నీకు తెలుసో లేదో. మా ఇళ్ళల్లో ఎవరైనా పెద్ద పని మీద బయల్దేరితే, గడప దాటే వేళకు ఇంటి ఆడపిల్ల నిండు బిందెతో ఎదురు రావాలి. పరీక్షకు, పెళ్ళిచూపులకు, దూరప్రయాణానికి. రోజూ బజారుకు పోయేవాడికి ఎవరూ ఎదురు రారు. సింహాచలానికి ఈ పట్టింపు మాకంటే ఎక్కువ. వాళ్ళ బామ్మ ఓడలో వెంట తీసుకుపోయిన ఆచారమట. పరీక్ష నాడు నువ్వే ఎదురు రావాలని నన్ను అడిగాడు. అంతకు ముందు నన్ను ఏదైనా అడిగి ఎరగడు. నేను సరేనన్నాను.

ఆ సాయంత్రమే ద్రాక్షతోట కంచె దగ్గర బావ కనిపించాడు. నేనే పలకరించాను. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. బావ నన్ను బెదిరించలేదు, బుజ్జగించలేదు. సింహాచలం మీద అనుమానం కూడా లేదు అతనికి. వాడు ఇప్పుడే ఓడెక్కేది లేదని నేనే మాట తెచ్చాను.

"గాడు పరీక్ష రాయనీకి పోతుండా ఏంది?" అన్నాడు బావ.

"నేను బిందె వట్టుకొని ఎదురు వోయిన పొద్దు, గదే," అన్నాను.

ఎందుకు చెప్పాను? ఉద్యమం కోసమని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మా కాలేజీ దగ్గర ఒక పిల్లవాడు తూటా తగిలి చచ్చిపోయాడు, వాడి కోసమన్నాను. అబద్ధం. ఆ పిల్లవాడి ముఖం కూడా నాకు గుర్తు లేదు. సింహాచలం అన్నం కలుపుకుంటూ అన్న మాటే గుర్తుంది. నా చదువు పోయింది, వాడిది ఎందుకు మిగలాలి? ఇదొక్కటే నా కడుపులో ఉన్నది. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారే, ఆ కోతిని నేనే. ఊరికే ఆపుతారు, హాల్ టికెట్ చింపుతారు, అంతే అనుకున్నాను అని కూడా చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. బావ వాళ్ళు హోటల్ వెనక కట్టెలు దాచిపెట్టడం నేను చూశాను. దెబ్బలు పడాలనే కోరుకున్నాను. చెయ్యి విరగాలని కోరుకోలేదు. ఈ రెంటికీ తేడా ఉందా? నువ్వు చెప్పగలవా?

వాడు బయల్దేరిన పొద్దు నాకు బాగా గుర్తు. మామూలు బుష్‌షర్టు, చేతిలో మామూలు సంచీ. నేను బావి దగ్గర నిండు బిందె చంకనెత్తుకుని, మా వాకిలి ముందుకు నడిచి వచ్చాను. ఎప్పుడూ లేనిది వాడు తల వంచి నాకు దండం పెట్టినట్టు చేశాడు. బిందెకు పెట్టాడో, నాకు పెట్టాడో. నేను వాణ్ణి దాటి, హోటల్ వైపు ఒకసారి చూశాను. చూడవలసిన పని లేదు, బిందె చాలు. అయినా చూశాను. బల్ల మీది నుంచి బావ లేచాడు. నేను ఇంట్లోకి పోయి నీళ్ళు గోలెంలో పోసి, బియ్యం ఏరడానికి కూర్చున్నాను.

మధ్యాహ్నం వాణ్ణి రిక్షాలో తెచ్చారు. మూసారాంబాగ్ వంతెన దాటకముందే పట్టుకున్నారట. పరీక్ష రాసే ఆంధ్రోడని కొట్టారు. నేను మలయా వాణ్ణని వాడు అరిచినా, ఆ నోటి తెలుగు విని ఎవరూ నమ్మలేదు. బావకు తెలుసు వాడు ఎవరో. చెప్పలేదు. ముఖం మీద సిరా, చొక్కా చింపులు, కుడి మణికట్టు వేలాడుతోంది. అమ్మ లబలబలాడింది. వీని సంగతి చెప్పినోని నోట్ల మన్నువడ అని వాకిట్లో నిలబడి శాపనార్థాలు పెట్టింది. నేను కూడా నోట్లో కొంగు పెట్టుకుని ఏడ్చాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు కానీ, నేను ఆ పాటి కూడా బయటపడలేదు.

దవాఖానలో కట్టు కట్టించుకుని వచ్చాక, నేను మంచినీళ్ళు తీసుకుపోయాను. అమ్మ పంపింది, నా అంతట నేను పోలేదు. ఎడమచేత్తో గ్లాసు పట్టుకోవడం వాడికి చేతకాలేదు. నేనే తాగించాను.

"నువ్వు ఎదురొచ్చినావు కాబట్టి పేణంతో వచ్చినానమ్మా," అన్నాడు. "లేకపోతే నన్ను సంపేద్దురు."

నేను గ్లాసు మళ్ళీ వాడి నోటికి అందించాను.

"మా తోటకెళ్ళి సెప్తాను, ఐదరాబాదులో నాకొక సెల్లి ఉందని."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ముఖం మీద ఉమ్మేసేవాడేమో. ఉమ్మితే బాగుండేది. నేను గ్లాసు తీసుకుని బయటికి వచ్చేశాను.

మళ్ళీ ఆ పేపరు ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఉండడానికి వాడికి ఇచ్చిన గడువు అయిపోవచ్చింది. ఓడ ఆగదు. పేపరు రాయకుండా, ఆ కట్టుతోనే పోయాడు. పెట్టె బాపు సర్దాడు. అమ్మ సకినాలు ఒక డబ్బాలో, తొక్కు ఒక జాడీలో కట్టి ఇచ్చింది. బండి వచ్చి నిలబడ్డాక వాడు అరుగు దిగకుండా ఆగాడు. అమ్మ నా వైపు చూసింది. నేను బావికి పోయి బిందె నింపుకుని వచ్చాను, రెండోసారి కూడా. పంతులు పనికి డిగ్రీ లేదు, చెట్టు గీయడానికి మణికట్టు లేదు. ఆ మనిషి నా ఎదురు చూసుకుని నవ్వుతూ బండెక్కాడు.

ఏమయ్యాడో తెలియదు. కనుక్కోలేదు. కనుక్కోవడానికి ఎన్నో దారులు వచ్చాయి తర్వాత, ఫోన్లు వచ్చాయి, ఇంకా ఏమేమో వచ్చాయి. నేను వెతకలేదు. ఆ ఒక్క ప్రశ్న నన్ను అడగకు.

బావనే చేసుకున్నాను. గొడవలు చల్లబడ్డాక, పరీక్ష రాసేవాళ్ళను కట్టెలతో ఆపిన మా బావే పోయి పరీక్షలు రాసి, పాసై, సర్కారు నౌకరీలో చేరాడు. నేను మళ్ళీ కాలేజీ గడప తొక్కలేదు. కాపురం అంతా కలిసి వండుకుని తిన్నాం, పోట్లాడుకున్నాం, ఇల్లు కట్టుకున్నాం. సింహాచలం పేరు మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా రాలేదు. చివరి రోజుల్లో బావ ఆస్పత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని, గా మలయా పిలగాడు అని మొదలుపెట్టాడు. నేను నోట్లో నీళ్ళు పోసి, మాట్లాడకు, ఆయాసం వస్తుంది, పడుకో అన్నాను. చెప్పుకోవాలనుకున్న మనిషిని చెప్పుకోనియ్యలేదు. ఇదీ నా ఖాతాలోనే వెయ్యి.

ఇంకొకటి ఉంది. దీన్ని ఎట్లా చెప్పాలో తెలియక ఆఖరుకు ఉంచాను. సింహాచలం పోయేలోపు కనబడినవాళ్ళందరికీ చెప్పాడు, ఈ పిల్ల ఎదురొచ్చింది కాబట్టే చావు తప్పిందని. హోటల్లో చెప్పాడు, చుట్టుపక్కల ఇళ్ళల్లో చెప్పాడు. నా ఎదురు మంచిదన్న పేరు అట్లా పడింది. ద్రాక్షతోటలు పోయి కాలనీలు వచ్చాయి, కాలనీల మీద కోచింగ్ సెంటర్లు వచ్చాయి. వీధి నిండా పరీక్షలు రాసే పిల్లలే. వాళ్ళ తల్లులు పొద్దున్నే తలుపు కొట్టేవారు, ఆంటీ, జర ఎదురు రారా, మా పిల్లకు ఎంట్రన్స్ ఉన్నదని. పోయేదాన్ని. పోనంటే ఎందుకని అడుగుతారు. ఎంతమంది పిల్లలు నా ముఖం చూసి పరీక్షకు పోయారో. పాసైనవాళ్ళు స్వీట్లు తెచ్చి నా కాళ్ళకు దండం పెట్టేవారు. ఆ స్వీట్లు పనిమనిషికి ఇచ్చేసేదాన్ని.

బావ పోయినప్పుడు ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. కానీ ఇంక నన్నెవరూ ఎదురు రమ్మనరన్న తేలిక కూడా ఆ ఏడుపులోనే ఉంది. మొగుడి శవం ఇంట్లో ఉండగా నాకు వచ్చిన ఆలోచన అది. ఇంతకంటే నీచం ఉంటుందా?

ఇప్పుడు పక్కింటి కోడలు, కూతురు పరీక్షకు పోయే పూట నేను గేటు దగ్గర కనబడితే, పిల్లను లోపలే ఆపుతుంది. నేను తలుపు వేసుకునేదాకా ఆగి, అప్పుడు పంపుతుంది. నేను బాధపడతానని తర్వాత కూరో, పండో పట్టుకుని వస్తుంది. ఏమనుకోకండి ఆంటీ, పెద్దవాళ్ళ పట్టింపులు అంటుంది. మొగుడు పోయినదాన్నని నన్ను తప్పిస్తోంది. తప్పించడం మంచిదే తల్లీ. కారణం మాత్రం అది కాదు. ఎదురు వస్తానని మాట ఇచ్చి, ఎదురు వచ్చి, సింహాచలాన్ని నేను పట్టించాను. ఆ కోడలికి ఈ మాట చెప్పలేను. నీకు చెప్పేశాను.