గౌరమ్మ మీది రోము బిళ్ల

అక్క ఇంట్లో వెండిబిళ్ల పోయిందని గొడవైన రోజు నేను అక్కడే ఉన్నాను. అది నా అంగీ జేబులో ఉందని మాత్రం చెప్పలేదు.

అక్కవాళ్లు తిరుమలగిరి దగ్గర గొర్లు కాసుకుని బతికేవాళ్లు. దొడ్డికి గుంజలు పాతుతుంటే ఎర్రమట్టిలో దొరికిందా బిళ్ల. ఒకవైపు తలకు ఆకులదండ చుట్టుకున్న మగమనిషి ముఖం. గొర్లకాపర్ల దేవుడు బీరప్ప అంది అక్క. రెండోవైపు కూర్చుని చేత కొమ్మ పట్టుకున్న ఆడమనిషి.

"తంగేడు కొమ్మ కనవడ్తలేదార? గౌరమ్మనే!"

ఏటా సద్దుల బతుకమ్మనాడు పసుపుతో చేసిన గౌరమ్మకు ఆ బిళ్లను బొట్టులా అద్దేది. చెరువులో వదిలేముందు ఒలిచి దాచుకునేది.

చౌటుప్పల్ ఫ్యాక్టరీకి పనికి పోయే బస్సులో, ఫోన్‌లో బొమ్మలు వెతికి, అది రోము చక్రవర్తి నాణెమని తెలుసుకున్నాను. అప్పటినుంచి కళ్లు మూస్తే ఓడలు. సముద్రం దాటొచ్చిన ఆ రాజు మా గొర్ల వెనక, దుమ్ములో, నిద్రలో నడిచినట్టు నడిచేవాడు.

ఆ ఏడు బతుకమ్మలు ఇంకా వాకిట్లో ఉండగానే, ఒక్కసారి చూసి పెట్టేద్దామని పసుపులోంచి బిళ్ల తీసుకుని పెరట్లోకి పోయాను. చక్రవర్తి చెంప మీద పసుపు, దాని మీద సాయంత్రపు ఎండ. ఎంతసేపు చూశానో తెలియదు. తలెత్తేసరికి ఆడవాళ్లు చెరువు నుంచి తిరిగొస్తున్నారు.

అక్కకు మోకాళ్ల నొప్పులని, గౌరమ్మను కొత్తకోడలు తీసుకుపోయింది.

"బిళ్లతోనే తల్లిని నీళ్లల్ల గలిపి వచ్చినవా? కండ్లు యాడ వెట్టినవే?"

"బిళ్ల లేకుండె అత్తమ్మా. మీరే తీస్కున్నరనుకున్న."

"మల్ల నామీదికే!"

నా చెయ్యి జేబు మీదే ఉంది. ఆ తరువాత ఏ బతుకమ్మకూ అక్క కోడలి చేతికి గౌరమ్మను ఇవ్వలేదు. ఆ పిల్ల అందరి వెనక వట్టిచేతులతో నడిచేది. నేను ఇంట్లో ఆ రాజును చూసుకునేవాణ్ణి. రానురాను, నన్ను చూడలేకనే ముఖం పక్కకు తిప్పుకున్నాడేమో అనిపించేది.

పోయిన బతుకమ్మకు, అక్క పసుపు ముద్ద కలుపుతుండగా, బిళ్ల తెచ్చి కోడలి అరచేతిలో పెట్టాను.

"నువ్వు నీళ్లల్ల ఇడువలే బిడ్డా. నువ్వు పోకముందే నేను తీసిన."

అక్క చెయ్యి పసుపులోనే ఆగిపోయింది. కోడలు బిళ్లను తిప్పి తిప్పి చూసింది.

"గప్పుడు గీడనే ఉంటిరి గద మామా. ఒక్కమాట రాకపాయెనా?"

"రాలే బిడ్డా. నా తప్పు నీ నెత్తిన వెట్టిన. మాఫ్ జెయ్యి."