ముప్పై ఒకటో సెకనులో లుంగీ

గుడియాత్తం నెల్లూరుపేటలో దేవరాజులు మామ మగ్గం చప్పుడు మొదలైందంటే పొద్దున ఆరున్నర అయినట్టు. అరవై రెండేళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని గళ్ళ లుంగీలు నేస్తున్నాడు. వాటిని ఎవరు కట్టుకున్నారో ఆయనకు తెలీదు, ఎవరు నేశారో కట్టుకున్నవాళ్ళకు తెలీదు. లుంగీ మూలన అంటించే కాగితం మీద ఉండేది రాజ్‌మోహన్ పేరు. నూలు ఇచ్చి లుంగీలు తీసుకుపోయేది ఆయనే. దీని గురించి మామ ఎన్నడూ బాధపడినట్టు కనిపించలేదు. ఆయన బదులు నేను పడేవాణ్ణి. నాకు వేరే పనేముంది.

సినిమా అంటే మామకు గిట్టదు. దానికి కారణం జీవా.

జీవా షేర్ ఆటో నడుపుతాడు. ఆరుగురు పట్టే బండిలో తొమ్మండుగురిని కుక్కడం అతని ఉద్యోగం. 'ఎర్రరేవు' సినిమాల అభిమాన సంఘానికి కార్యదర్శిగా ఉండటం అతని బతుకు. సంఘంలో పదకొండు మంది ఉంటే అందులో తొమ్మిది మందికి పదవులున్నాయి. మూడేళ్ళ కింద, రెండో భాగం విడుదలైన పొద్దున, జీవా మా వీధి పొడవునా పటాసుల సరం పరిచి అంటించాడు. సరం కొస సరిగ్గా మామ గడప ముందరికి వచ్చింది. లోపల నేస్తున్న మామ ఎగిరిపడ్డాడు. ఆ అదురులో రెండు పోగులు తప్పాయి. పచ్చ గీతలో ఆరు పోగులుండాల్సిన చోట నాలుగే పడ్డాయి. లుంగీ కోసి మడత పెట్టేదాకా ఆయన కూడా చూసుకోలేదు.

రాజ్‌మోహన్ మామే తప్పు చూపించి ఇచ్చిన ఆ లుంగీని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, తప్పు సరుకు కుప్పలోకి విసిరాడు. నలభై ఏళ్ళలో మామ చేతి నుంచి ఆ కుప్పలోకి పోయింది అదొక్కటే. ఆ రోజు నుంచి మామ జీవాతో మాట్లాడలేదు, అతని ఆటో ఎక్కలేదు. నడినెత్తిన ఎండ ఉన్నా బస్టాండుకు నడిచే పోయేవాడు.

ఈ ఏడు మూడో భాగం సంబరం మొదలైంది. టీజర్ వచ్చే రోజు చెప్పడానికి ఒక వీడియో, ఆ వీడియో వచ్చే రోజు చెప్పడానికి ఒక పోస్టరు. పోస్టరులో ఒక గొలుసు, ఒక కాకి. ఆ కాకికి అర్థం ఏమిటని సంఘం వాళ్ళు టీకొట్లో రెండు వారాలు తర్కించారు. అంత శ్రద్ధ పదో తరగతిలో పెట్టి ఉంటే కలెక్టరు ఆఫీసులో సగం కుర్చీలు నెల్లూరుపేటవే అయ్యుండేవి.

చివరికి ఒక శుక్రవారం సాయంత్రం అయిదూ నాలుగుకు టీజర్ వచ్చింది. యాభై ఎనిమిది సెకన్లు. వాన, ఓడరేవు, గొలుసుల చప్పుడు, హీరో వీపు. మొహం లేదు. జీవా ఫోను ఎత్తి పట్టుకుంటే చుట్టూ తలకాయలన్నీ ఒక్కచోట చేరాయి.

"మొహమే చూపించలే చూడప్పా. అది కదా గెత్తు, అది కదా దర్జా," అన్నాడు జీవా, కళ్ళు తుడుచుకుంటూ.

టీ తాగడానికి వచ్చిన మామ ఆ తలల వెనక నిలబడి ఊరికే తొంగి చూశాడు. గ్లాసు నోటి దాకా పోయి ఆగింది.

"నిలుపు," అన్నాడు. మూడేళ్ళలో జీవాతో ఆయన అన్న మొదటి మాట అది.

"ఏం మామా, నీకూ పట్టుకునిందా?"

"వెనక్కి పోనీ. ఇంకా. ఆడ నిలుపు."

ముప్పై ఒకటో సెకను. హీరో లుంగీ ఎత్తి కడుతున్నాడు. నీలం గళ్ళు. నడుము నుంచి మడమ దాకా దిగే పచ్చ గీతల్లో ఒకటి మిగతావాటికంటే సన్నంగా ఉంది.

"ఇది నేను నేసిన లుంగీ."

టీకొట్టు అంతా నవ్వింది. "ఊరంతా నేసేది నీలం గళ్ళే గదా మామా," అన్నాడు జీవా.

"ఊరంతా నేస్తాది. ఆడ రెండు పోగులు తప్పినోణ్ణి నేనొకణ్ణే. నువ్వు కాల్చిన సరానికి."

జీవా నోరు తెరిచి, ఫోను చూసి, మామను చూసి, మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు. "అట్లంటే," అన్నాడు, "మా తలైవర్ నడుముకు ఉండేది నా పటాసేనా."

తనను తిడుతున్నారన్న సంగతి అతనికి తట్టనే లేదు. అప్పటికప్పుడు మామను గోడకు నిలబెట్టి వీడియో తీసి నెట్టులో పెట్టాడు. తెల్లారేసరికి అది చిత్తూరు దాటి పోయింది. కింద తెలుగులో రాసినవి చదవమని నన్ను పిలిచారు. అందరం చదివింది అరవ బడిలో. మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు అక్షరం చదివే ఇల్లూ లేదు. నేను సొంతంగా కూడబలుక్కుని నేర్చుకున్న చదువుకు అదొక్కటే గిరాకీ.

"కళ్ళజోడు మార్చుకో తాతా, అని రాసినాడు ఒకడు."

మామ మగ్గం ఆపాడు. "నా కన్నునా అనింది?"

"కన్నునే మామా."

పక్కన కండెలకు నూలు చుడుతున్న మామ భార్య ధనమ్మత్త తల ఎత్తలేదు. "అననీ. నిన్న చారులో చక్కెర వేసుకున్నోడు ఈయప్పే గదా."

అంతటితో పోయేది. కానీ ఆ వారం రాజ్‌మోహన్ వచ్చి, ఎన్నడూ లేనిది, మామ నేసిన లుంగీలన్నీ విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. "తప్పుగా అనుకోవద్దు మామా. జనం కన్ను కన్ను అంటా ఉంటే నాకూ అనుమానం వచ్చింది," అన్నాడు. నలభై ఏళ్ళుగా మడత విప్పకుండా తీసుకుపోయిన సరుకు అది.

ఆ సాయంత్రం మామ టీకొట్లో నిలబడి అందరికీ వినపడేలా చెప్పాడు. "రెండో టీజరు వేలూరులో పెద్ద తెర మీద వేస్తారంట గదా. ఆడ వచ్చి చూస్తా. ఆ గీతలో నాలుగు పోగులు కాకుండా ఆరుంటే మగ్గం దిగేస్తాను. మళ్ళీ ఎక్కను."

"సుమ్మా ఉండు మామా, ఇట్లాంటి పంతాలు వద్దు," అన్నాడు జీవా. అతని గొంతులో మొదటిసారి భయం వినిపించింది.

ఆదివారం పొద్దున మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని జీవా ఆటోలో బస్టాండుకు వచ్చాడు. ఆ రోజు బండిలో ఆరుగురినే ఎక్కించారు. బస్సు కె.వి.కుప్పం, కాట్పాడి మీదుగా వేలూరు చేరేదాకా మామ జేబు తడుముకుంటూనే ఉన్నాడు. అందులో రాజ్‌మోహన్ దగ్గర అడిగి తెచ్చుకున్న చిన్న భూతద్దం ఉంది, పోగులు లెక్కపెట్టేది. సినిమా తెరకు అది ఎందుకు పనికొస్తుందో నేను అడగలేదు.

ముహూర్తం పదకొండూ ఏడు. ఒకటిన్నర నిమిషం బొమ్మ కోసం హాల్లో ఏడు వందల మంది. కాగితం ముక్కలు పైకి లేచాయి. తెర మీద హీరో నడిచి వస్తున్నాడు, ఈసారి కూడా వీపే. లుంగీ ఇంత పెద్దదిగా మా నెత్తిన వాలింది. సన్నటి పచ్చ గీత. మామ లేచి నిలబడి వేలు ఆడిస్తూ లెక్కపెట్టాడు.

"నాలుగు," అన్నాడు.

జీవా ఆయన్ని నడుము పట్టుకుని పైకెత్తేశాడు. అంతలో తెర మీద హీరో వెనక రేవు కూలీలు వరుసగా తిరిగారు. ఎనభై మంది ఉంటారు. ఎనభై మందికీ నీలం గళ్ళే. ఎనభై లుంగీల్లోనూ సన్నటి పచ్చ గీత, అదే చోట.

మామను జీవా నెమ్మదిగా కిందికి దించాడు.

అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. తప్పు సరుకు కుప్పలోంచి ఆ లుంగీ ఏ ప్లాట్‌ఫారం మీది బట్టల కొట్టుకో పోయింది. సినిమావాళ్ళ తరఫున ఎవడో దాన్ని కొన్నాడు. ఇలాంటివే వంద కావాలని ఏదో పవర్‌లూమ్‌కు మాదిరిగా ఇచ్చాడు. మిషను దాన్ని తప్పు అనుకోలేదు, అందం అనుకుని అట్లే దించేసింది.

తిరుగు బస్సు కాట్పాడి దాటింది.

"గెలిస్తివి గదా మామా," అన్నాడు జీవా.

"నలభై ఏళ్ళు సరిగ్గా నేసినానప్పా," అన్నాడు మామ, కిటికీలోంచి చూస్తూ. "వాటిలో ఒక్కదాన్నీ ఎవురూ మాదిరికి తీసుకోలే."

 

రెండు రోజుల తర్వాత రాజ్‌మోహన్ నూలు మోసుకుని వచ్చాడు. వేలూరు కొట్లలో అందరూ టీజర్ లుంగీ అడుగుతున్నారట, అది మొదట నేసిన చెయ్యే మళ్ళీ నేస్తే దాని కథే వేరట. క్షమాపణ అనే మాట వాడలేదు గాని, ఈసారి అంటించే కాగితం మీద దేవరాజులు పేరు కూడా వేయిస్తానన్నాడు. "ఆ గీతలో మాత్రం నాలుగే పోగులు, మరిచిపోవద్దు మామా," అని మూడుసార్లు చెప్పాడు.

మామ మగ్గం ఎక్కాడు. మధ్యాహ్నం ధనమ్మత్త వంగి చూసింది. ఆరు. మామ పోగులు ఊడదీసి మళ్ళీ నేశాడు. మళ్ళీ ఆరు. మెదడు నాలుగు అంటుంటే చెయ్యి తన దారిన రెండు కలుపుతోంది. మూడు రోజులు ఇదే గొడవ. నాలుగో రోజు మామ నన్ను పంపి జీవాను పిలిపించాడు.

"సరం ఉండాదా?"

"విడుదలకని దాచినా మామా."

"తెచ్చి గడప ముందర పరుచు. నేను చెప్పినప్పుడు అంటించొద్దు. నీకు తోచినప్పుడు అంటించు."

జీవా ఆటో తిప్పకుండా అగ్గిపెట్టె పట్టుకుని రెండు గంటలు గడప మీద కూర్చున్నాడు. ఇంత బాధ్యత సంఘం కూడా అతనికి ఎప్పుడూ అప్పగించలేదు. నాలుగు గంటలప్పుడు అంటించాడు. వీధి కుక్కలు పారిపోయాయి, ధనమ్మత్త చేతిలో కండె ఎగిరిపోయింది, పక్కింటి పసిబిడ్డ లేచి ఏడ్చింది. పొగలో మగ్గం చప్పుడు మాత్రం ఎక్కడా తెగలేదు.

జీవా లోపలికి పోయి వంగి చూశాడు. ఆరు.

"ఏం మామా, అదరలేదా?"

"నువ్వు ఆడ కూర్చోనుండావని తెలుసు గదప్పా," అన్నాడు మామ, తప్పు చేసినవాడిలా.

"నువ్వు మరిచుండేటప్పుడు పేలాల సరం," అంది ధనమ్మత్త కండె వెతుక్కుంటూ. "రాజ్‌మోహన్‌ను నాలుగో భాగం దాకా ఆగమను."