ఆపిల్ చెట్టు మీదికి గొడ్డలి

ఇరవైమంది దొరల ముందు, వాళ్ళలో ఒకాయన ప్రాణంలా చూసుకునే చెట్టు మీదికి గొడ్డలెత్తుకుని పరిగెత్తిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఉద్యోగం ఊడేంత పని ఎలా చేశానో చెబుతాను, వినండి.

తొంభైల్లో బహ్రెయిన్‌లో, అద్లియాలోని ఒక విల్లాలో తోటపని చేసేవాణ్ణి. మా సార్‌ది కార్న్‌వాల్. ఎవరైనా "ఇంగ్లీషాయన" అంటే చాలు, "కార్నిష్!" అని సరిదిద్దేవాడు. మద్రాసీ అంటే మనకి ఒళ్ళు మండదూ, అలాగన్నమాట. వాళ్ళ తాతగారి తోటలోని ఆపిల్ కొమ్మతో అంటు కట్టించి, పెద్ద తొట్టెలో పెంచేవాడు. ఆ ఎండల్లో ఆపిలేమిటండీ! అయినా అక్కడి చలి చాలదని చలికాలమంతా రోజూ దాని మొదట్లో ఐసుముక్కలు పోసేవాడు. కన్నబిడ్డకైనా అంత సేవ చేసేవాళ్ళని నేను చూడలేదు. ఆయనంటే నాకు భక్తి. చెట్టు మాత్రం ఆరేళ్ళయినా ఒక్క పువ్వూ పుయ్యలేదు.

జనవరిలో ఒక సాయంత్రం తన ఊరివాళ్ళని పిలిచాడు. కొమ్మలకి కాల్చిన రొట్టెముక్కలు తగిలించారు, వేళ్ళకి ఆపిల్ సారా పోశారు, గిన్నెలు వాయిస్తూ పాటలు పాడారు. కాపు కోసం చెట్టుని నిద్రలేపడమట! నా ఒళ్ళు పులకరించింది. మా కోనసీమలోనూ కాయని చెట్టుకి మందుంది. ఒకడు గొడ్డలెత్తి బెదిరించాలి, ఇంకొకడు అడ్డుపడి బతిమాలాలి. చెట్టు హడలిపోయి కాస్తుంది.

సార్‌కి నా వంతు సాయం చేద్దామనుకున్నాను. ముందే చెబితే చెట్టు వినేస్తుందని ఆయనకి చెప్పలేదు. నా తెలివి అలాంటిది! వడ్డనకి సాయమొచ్చిన నా గది స్నేహితుడు, కరీంనగర్ రాములుని వంటింట్లో పట్టుకున్నాను.

"నువ్వు గొడ్డలి లేపంగనే నేను ఉరికొచ్చి, 'కొట్టకు అన్నా, వచ్చే యేడు కాస్తది' అనాలె. గంతేనా?"

"అంతేరా బాబూ. గట్టిగా ఏడవాలి."

"యల్లా, పద! చూస్కో నా యాక్షన్!"

పరిగెత్తాను. "కాస్తావా, నరికెయ్యమంటావా?" అని గొడ్డలెత్తి అరిచాను. పాట ఆగిపోయింది. ఒకావిడ కెవ్వుమంది. రాములు రాడే! చూద్దును కదా, నోటినిండా సార్ ఊరి కుంకుమపువ్వు బన్ను కుక్కుకుని, మింగలేక చేతులూపుతున్నాడు. ఎవరూ అడ్డుపడకుండానే గొడ్డలి దించితే చెట్టుకి లోకువైపోతాం. అలాగే ఎత్తి పట్టుకుని నిలబడ్డాను.

ఇంతలో సార్ దూకి తొట్టెని కావలించుకున్నాడు. "వద్దు! దీన్నేం చెయ్యకు! ఇంకొక్క ఏడాది ఆగు, తప్పకుండా కాస్తుంది!"

ఠక్కున గొడ్డలి దించాను. "ఖలాస్ సార్. పని పూర్తయింది."

అప్పటికి బన్ను దిగింది రాములుకి. "అరె, గది నా డైలాగు!" అన్నాడు.

నా పాస్‌పోర్టు చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తాడనుకున్నాను. వచ్చీరాని ఇంగ్లీషులో సంగతంతా చెప్పుకున్నాను. సార్ నేలమీద కూలబడి నవ్వాడు. "మా ఊళ్ళో చెట్టుని లేపడానికి తుపాకులు పేలుస్తారు, మీరు గొడ్డళ్ళెత్తుతారు. ఇద్దరం చెట్టునే భయపెడుతున్నామయ్యా!"

నమ్మండి, నమ్మకపోండి, మార్చిలో పూసింది. నిమ్మకాయంత పండు, ఒక్కటంటే ఒక్కటి కాసింది. ఆ కార్నిష్ చెట్టుకి నా తెలుగు ఏం అర్థమవుతుంది, మా సార్ మొరే విని ఉంటుంది. ఆయన పండు కోసి తొలిముక్క నాకే పెట్టాడు. పులుపుకి పళ్ళు జివ్వుమన్నాయి గానీ, అంత గర్వంగా ఏ పండూ తినలేదు.

మరుసటి జనవరిలో సార్ గొడ్డలికి రిబ్బను కట్టి నా చేతిలో పెట్టాడు. "ఈసారి కూడా బతిమాలేది నేనే. రాములుకి బన్నులిచ్చేయ్."

ఆ తొట్టె మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. నోట్లో బన్నున్నవాణ్ణి నమ్ముకుని జన్మలో మళ్ళీ గొడ్డలెత్తను.